బండిలో ఇల్లు: మేకు కొట్టే ముందు వేసుకోవలసిన లెక్కలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. బండిలో ఇల్లు కట్టడం గురించి వాళ్ళేమీ అనలేదు గానీ, ఆ పనీ తక్కువది కాదు. పాత వ్యాన్ కొని, లోపల మంచం, పొయ్యి, నీళ్ళ డబ్బా, లైట్లు అమర్చుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళ వీడియోలు మనం చూస్తూనే ఉన్నాం. అలాంటి బండిని క్యాంపర్ వ్యాన్ అంటారు. చూసినప్పుడల్లా "మనమూ ఒకటి చేసుకుంటే!" అనిపిస్తుంది. చేసుకోవచ్చు. కానీ ఆ వీడియోల్లో కనిపించేది అందం. బండి నిలిచేది మాత్రం కనిపించని రెండింటి మీద: బరువు, గాలి.

ఈ సంగతి మన పాతవాళ్ళకి తెలుసు. జాతరకి గూడుబండి కట్టుకుని పోయే రోజుల్లో వరిగడ్డే పరుపు, పైన చాపే కప్పు. సామాను ముందుకి ఎక్కువైతే ఎద్దుల మెడ మీద భారం పడుతుంది, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. అందుకే బరువంతా ఇరుసు దగ్గరికి వచ్చేట్టు సర్దేవాళ్ళు. ఇంజన్ బండికీ ఇదే సూత్రం.

ముందు చట్టం

బండి మనదే అయినా మనిష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. అయితే "మోటార్ క్యారవాన్" అని చట్టబద్ధమైన తరగతి ఒకటి ఉంది. దానికి ఏ.ఐ.ఎస్. 124 అనే ప్రమాణం ఉంది. సీట్లు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాను పెట్టుకునే చోటు ఉండాలనేది అందులోని ముఖ్యాంశం. కాబట్టి సీట్లు పీకక ముందే, పైకప్పుకి రంధ్రం పెట్టక ముందే, ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగాలి. బండి కె.ఎ. 40 నంబరుదైతే చిక్కబళ్ళాపురంలోనే. ఇన్సూరెన్సు కంపెనీకీ చెప్పాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు ఆ కాగితం అక్కరకి రాకపోవచ్చు.

బరువు లెక్క

ఆర్.సి.లో రెండు అంకెలుంటాయి: ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు. ఆ రెండింటి తేడాయే మనకి దొరికే జాగా. ఒక చిన్న వ్యాన్ ఖాళీగా 950 కిలోలు, నిండుగా 1540 కిలోలు అనుకుందాం. మిగిలింది 590.

ఇప్పుడు వేసుకుంటూ పోదాం. ఇద్దరు మనుషులు 120. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8 అడుగులకి 4 అడుగుల షీటు ఒకటి సుమారు 35 కిలోలు, అలాంటివి నాలుగు 140. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే పెద్ద బ్యాటరీ 60. నీళ్ళు 40 లీటర్లంటే 40 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ 30. ఇనుప చట్రం 50. పరుపు, పాత్రలు, బట్టలు 60. మొత్తం 500! ఇంకో ఇద్దరు స్నేహితురాళ్ళు ఎక్కితే 110 కలిసి 610 అవుతుంది. హద్దు దాటిపోయాం. సమతలం మీద తెలియదు గానీ, నంది కొండ దిగేటప్పుడు బ్రేకులకి తెలుస్తుంది.

అందుకని చింతామణిలోనో బాగేపల్లిలోనో ప్లైవుడ్ కొనే ముందే కాగితం మీద కోత పెట్టుకోవాలి. 12 మిల్లీమీటర్ల షీటు 23 కిలోలే. నాలుగింటికి దాదాపు 48 కిలోలు మిగులుతాయి. లిథియం బ్యాటరీ ధర ఎక్కువ, బరువు చాలా తక్కువ. బరువైనవి కింద, ఇరుసుల మధ్య, ఎడమా కుడీ సమానంగా ఉండాలి. బియ్యం మూటని పై అరలో పెడితే మలుపులో బండి ఒరుగుతుంది.

గాలి

ఇది ప్రాణం సంగతి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ కారణమని తేలింది. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళకి మెలకువ కూడా రాదు.

కాబట్టి బండి తలుపులు మూసి లోపల కుంపటి పెట్టుకోవద్దు. ఇంజన్ గానీ జనరేటర్ గానీ నడుస్తుండగా పడుకోవద్దు. వంట బయటే చేసుకుంటే మేలు. గ్యాస్ గాలికన్నా బరువు, కారితే కిందికే దిగుతుంది. అందుకే సిలిండర్ పెట్టే పెట్టెకి అడుగున బయటికి దారి ఉండాలి. లోపలికి గాలి రావడానికి కింద ఒక కిటికీ, వేడి పోవడానికి పైన ఒకటి కావాలి. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టి మోగే చిన్న పరికరాలు దొరుకుతాయి. కర్టెన్ల కన్నా ముందు దాన్ని కొనాలి.

నీళ్ళు

మన ప్రాంతంలో నీళ్ళ గురించి రెండుసార్లు ఆలోచించాలి. బాగేపల్లి, చింతామణి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ బెడద మనకి తెలిసిందే. తాగే నీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని ప్రమాణం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అందుకే రెండు డబ్బాలు ఉండాలి: శుద్ధి చేసిన తాగునీటికి ఒకటి, కడుక్కోవడానికి ఒకటి. మనిషికి రోజుకి 10 లీటర్లు పొదుపుగా సరిపెట్టుకోవచ్చు. ఇద్దరికి రెండు రోజులంటే 40. వాడిన నీళ్ళు పట్టడానికి మూడో డబ్బా ఉంటే ఆగిన చోటల్లా బురద చెయ్యం.

కరెంటు

12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 1200 వాట్-అవర్లుంటాయి. సీసం బ్యాటరీ అయితే సగమే వాడుకోవాలి, అంటే 600. రాత్రికి రెండు లైట్లు 50, చిన్న ఫ్యాను 200, ఫోన్లు 30, ల్యాప్‌టాప్ 60. మొత్తం 340. హాయిగా సరిపోతుంది. కానీ 1500 వాట్ల కెటిల్ పెడితే 12 వోల్టుల మీద 125 ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరు కాలిపోతుంది. టీకి గ్యాసు పొయ్యే మంచిది. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండి తీరాలి.

ముగ్గుపిండితో ప్లాను

ఇన్ని లెక్కలయ్యాక చోటు సంగతి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. వ్యాన్ లోపలి పొడవు, వెడల్పు కొలిచి, అదే కొలతతో వాకిట్లో ముగ్గుపిండితో గీయండి. తలుపులు, చక్రాల గుబ్బలు గుర్తు పెట్టండి. ఇద్దరికి 6 అడుగులకి 4 అడుగుల పడక గీసి, అందులో నిజంగానే పడుకుని చూడండి. ఒకరు పడుకుని ఉండగా ఇంకొకరు లేచి బయటికి పోగలరా? రాత్రిపూట చీకట్లో చెప్పులు ఎక్కడ, నీళ్ళు ఎక్కడ? తప్పు దొరికితే చీపురుతో చెరిపి మళ్ళీ గీయొచ్చు. ప్లైవుడ్ కోసేశాక అది కుదరదు.

ఆడవాళ్ళం కాబట్టి ఇంకో మూడు చూసుకోవాలి. పడక నుంచి కిందికి దిగకుండానే డ్రైవరు సీటులోకి చేరే దారి ఉండాలి. ఏదైనా అనుమానం వస్తే తలుపు తెరవకుండా బండి తీసుకుని పోవచ్చు. తలుపులకి లోపలి నుంచి గడియ ఉండాలి, రెండో తలుపుకి మంచం అడ్డు రాకూడదు. మూత గట్టిగా పడే చిన్న టాయిలెట్ డబ్బాకి, చుట్టూ తెరకి చోటు విడవాలి. ఇది ముచ్చట కాదు. రాత్రి ప్రయాణాల్లో నీళ్ళు తాగకుండా ఓర్చుకునే అలవాటు మనలో ఎంతమందికి ఉందో మనకే తెలుసు.

చట్టం, బరువు, గాలి, నీళ్ళు, కరెంటు, పడక. ఈ వరసలో పోతే డబ్బు వృథా కాదు. రంగులూ కర్టెన్లూ ఆఖరున. అన్నీ అయ్యాక మొదటి రాత్రి ఇంటి ముందరే బండి ఆపి పడుకోండి. ఏది మరిచామో తెల్లారేసరికి తెలుస్తుంది. ఆ తర్వాత కైవారమైనా, లేపాక్షి అయినా, 44వ నంబరు హైవే పట్టుకుని కన్యాకుమారి అయినా పోవచ్చు.