రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకోనప్పుడు

ఇంటికి వైఫై అందించే రౌటర్‌ సెట్టింగ్స్ పేజీ ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో కాక, రౌటర్‌లోని మెమరీ చిప్‌లోనే ఉంటుంది. అందువల్ల బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోయినప్పటికీ ఆ పేజీ తెరుచుకోవాలి; ఇంటర్నెట్ చక్కగా వస్తున్నప్పటికీ, పేజీని అడుగుతున్న ఫోను ఆ రౌటర్‌ నెట్‌వర్క్‌లో లేకపోతే అది తెరుచుకోదు. వైఫై పాస్‌వర్డ్ మార్చాలన్నా, ఎవరెవరి ఫోన్లు కలిసి ఉన్నాయో చూడాలన్నా ఈ పేజీయే ఆధారం. అది కనిపించనప్పుడు చాలామంది కనెక్షన్ ఇచ్చిన ఆపరేటర్ మనిషి కోసం ఎదురుచూస్తారు, లేదా తొందరపడి రీసెట్ బటన్ నొక్కుతారు. ఆ రెండింటికంటే ముందు తేల్చుకోవలసింది, అడుగుతున్న పరికరం నుంచి రౌటర్ వరకు దారి ఉన్నదా లేదా అన్నదే.

ఆ దారికి గుర్తు ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరాన్నీ గుర్తించే సంఖ్య. పాత పద్ధతిలో ఇటువంటి సంఖ్యలు మొత్తం 430 కోట్లకు మించవు గనుక, ప్రపంచంలోని ప్రతి పరికరానికీ వేరువేరు సంఖ్య ఇవ్వడం సాధ్యం కాదు. ఇళ్లలోనూ కార్యాలయాల్లోనూ అంతర్గతంగా ఎవరైనా వాడుకోవచ్చునంటూ మూడు శ్రేణులను విడిగా కేటాయించిన ప్రమాణం 1996 ఫిబ్రవరిలో వెలువడింది. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఆ శ్రేణులు. ప్రతి ఊళ్లోనూ ఒక రామాలయం వీధి ఉన్నట్లుగా, 192.168.1.1 అనే అడ్రస్ లక్షలాది ఇళ్లలో ఉంటుంది. అది ఎవరి రౌటర్‌ను సూచిస్తుందన్నది అడిగే ఫోను ఏ ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నదన్న దానిపైనే ఆధారపడుతుంది.

అయితే అన్ని రౌటర్లకూ 192.168.1.1 అడ్రస్ ఉండదు. కొన్నింటికి 192.168.0.1 ఉంటుంది, జియోఫైబర్ పెట్టెలకు సాధారణంగా 192.168.29.1 ఉంటుంది, వాడేవారు మార్చుకుని ఉంటే మరొకటి కూడా కావచ్చు. అందుచేత అంచనాతో ఒక్కొక్కటే కొట్టి చూడడం కంటే పరికరాన్నే అడగడం మేలు. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ‘డిఫాల్ట్ గేట్‌వే’ అన్న వరుసలో రౌటర్ అడ్రస్ కనిపిస్తుంది. గేట్‌వే అంటే ఇంటి నెట్‌వర్క్ నుంచి బయటికి పోయే సమాచారమంతా దాటవలసిన ద్వారం. ఆండ్రాయిడ్ ఫోన్లలో కలిసి ఉన్న వైఫై పేరు మీద నొక్కి వివరాల్లోకి వెళితే ఎక్కువగా గేట్‌వే అన్న పేరుతోనే ఇది ఉంటుంది. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కితే రౌటర్ అన్న వరుసలో ఉంటుంది. అదే చోట పరికరపు సొంత అడ్రస్ 169.254తో మొదలవుతుంటే, రౌటర్ నుంచి దానికి అడ్రసే అందలేదని అర్థం. అప్పుడు బ్రౌజర్‌తో కుస్తీపట్టడం వృథా. కేబుల్ సరిగా కూర్చున్నదో లేదో చూసి, రౌటర్‌ను ఆపి మళ్లీ వేయాలి.

అడ్రస్ సరైనదే అయినా పేజీ రాకపోవడానికి తరచు కనిపించే కారణాలు చాలా చిన్నవి. ఒకటి అంకెకు బదులు ఇంగ్లీషు ఎల్ అక్షరాన్నీ, సున్నాకు బదులు ఓ అక్షరాన్నీ కొడితే బ్రౌజర్ దాన్ని వెతకవలసిన మాటగా భావించి సెర్చ్ ఫలితాలను చూపిస్తుంది. భద్రమైన కనెక్షన్లనే వాడాలన్న సెట్టింగ్ ఉన్న బ్రౌజర్లు అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్ చేర్చుకుంటాయి. పాత రౌటర్లు దానికి స్పందించవు కాబట్టి, చివరి ఎస్ లేకుండా హెచ్‌టీటీపీతో మొదలుపెట్టి అడ్రస్ మొత్తం కొట్టాలి. కొత్త రౌటర్లు హెచ్‌టీటీపీఎస్‌కు స్పందిస్తాయి గాని, తమ ధ్రువపత్రాన్ని తామే జారీ చేసుకుంటాయి గనుక బ్రౌజర్ హెచ్చరిక చూపిస్తుంది. సొంత ఇంటి నెట్‌వర్క్‌లో, గేట్‌వే అడ్రస్ సరిచూసుకున్న తరువాత ఆ హెచ్చరికను దాటి వెళ్లవచ్చు. బ్యాంకు వెబ్‌సైట్‌లో అదే హెచ్చరిక కనిపిస్తే మాత్రం ఎన్నడూ దాటకూడదు.

ఫోను నుంచి ప్రయత్నించేవారికి మరో చిక్కు ఎదురవుతుంది. వైఫైలో ఇంటర్నెట్ రావడం లేదని గమనించిన ఫోను చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. పైన వైఫై గుర్తు కనిపిస్తూనే ఉన్నా, అభ్యర్థన సిమ్ కంపెనీ నెట్‌వర్క్‌లోకి పోయి అక్కడ అటువంటి అడ్రస్ లేక ఆగిపోతుంది. కాబట్టి మొబైల్ డేటానూ, ఉంటే వీపీఎన్‌నూ ముందు ఆపాలి. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వైఫైలో ఉన్నవారికి రౌటర్ ఈ పేజీని సాధారణంగా చూపించదు. అది లోపం కాదు, రక్షణ.

ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో తరచు రెండు పెట్టెలుంటాయి. కాంతి సంకేతాలను విద్యుత్ సంకేతాలుగా మార్చే ఓఎన్‌టీ ఒకటి కాగా, దానికి తగిలించిన సొంత రౌటర్ రెండోది. రెండూ 192.168.1.1నే వాడుతుంటే రౌటర్ తికమకపడుతుంది, ఏ పేజీ తెరుచుకుంటుందో తెలియదు. అప్పుడు ఓఎన్‌టీ నుంచి వచ్చే కేబుల్‌ను రౌటర్ వాన్ పోర్టు నుంచి తీసివేసి, ల్యాప్‌టాప్‌ను ఇంటి పరికరాల కోసం ఉన్న ల్యాన్ పోర్టుకు తగిలించి, రౌటర్ అడ్రస్‌ను 192.168.2.1గా మారిస్తే రెండింటి మధ్య తగవు తీరుతుంది.

పేజీ తెరుచుకున్నాక పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు; సెట్టింగ్స్‌కు వేరే పాస్‌వర్డ్ ఉంటుంది, చాలా రౌటర్లకు అది అడుగున అంటించిన చీటీ మీద ఉంటుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ ‘అడ్మిన్’ అనే ఉంటే లోపలికి వెళ్లడం తేలికే గాని, దాన్ని అలాగే వదిలేయడం తప్పు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ ఇటువంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితాతోనే రౌటర్లనూ కెమెరాలనూ స్వాధీనం చేసుకున్నది. ఆ ఏడాది అక్టోబరు 21న ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి అందకుండా పోయిన దాడికి అవే సాధనాలయ్యాయి. ఇటువంటి పరికరాలన్నింటికీ ఒకటే తేలిక పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టంతో నిషేధించింది.

పాస్‌వర్డ్ ఏదీ పనిచేయనప్పుడు చివరి మార్గం రీసెట్. వెనుకనున్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్ల పాటు నొక్కి ఉంచితే చాలా రౌటర్లు ఫ్యాక్టరీ స్థితికి వెళతాయి. పాస్‌వర్డ్‌తో పాటు ఇంటర్నెట్ లాగిన్ వివరాలూ, ఆపరేటర్ కనెక్షన్ కోసం ఇచ్చే పీపీపీఓఈ యూజర్‌నేమ్‌తో సహా, చెరిగిపోతాయి. ఓఎన్‌టీ అయితే కంపెనీ చేసిన అమరికలు పోయి కనెక్షనే నిలిచిపోవచ్చు కాబట్టి దాన్ని ఆపరేటర్‌ను అడగకుండా రీసెట్ చేయరాదు. కనెక్షన్ పెట్టిన రోజునే సెట్టింగ్స్ పాస్‌వర్డ్, పీపీపీఓఈ వివరాలు, గేట్‌వే అడ్రస్ అడిగి తీసుకుని ఒక కాగితం మీద రాసి ఇంట్లో దాచుకోండి.