నూనెలో దాగిన గాలి

పిల్లలూ! నిలిచి ఉన్న కారు చక్రాలను పక్కకు తిప్పడానికి ఎంత బలం కావాలో ఎప్పుడైనా ఆలోచించారా? కారు ముందుభాగపు బరువంతా ఆ రెండు చక్రాలే మోస్తాయి. టైర్లు నేలను గట్టిగా పట్టుకుని ఉంటాయి. అయినా మీ నాన్నగారో, అమ్మగారో ఒక్క చేత్తో స్టీరింగు తిప్పేస్తారు. ఆ బలంలో చాలాభాగం వారి చేతిది కాదు, నూనెది!

అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు ఈ ఉపాయం కనిపెట్టి, 1926లో ఒక కారుకు అమర్చి చూపించాడు. అయితే అది జనం కొనే కార్లలోకి రావడానికి మరో 25 ఏళ్లు పట్టింది. 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో దానిని పెట్టి అమ్మింది. దీనినే పవర్ స్టీరింగు అంటాం.

ఇందులో ఇంజనుతో తిరిగే పంపు ఒకటి ఉంటుంది. అది చిన్న డబ్బాలోని నూనెను గొట్టాలలోకి గట్టిగా నెడుతుంది. ఆ నూనె ఒక ముషలకాన్ని తోస్తే, ముషలకం చక్రాలను తిప్పుతుంది. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్సు దేశపు పాస్కల్ ఏనాడో చెప్పాడు. ద్రవం నొక్కితే దాదాపు నలగదు గనుకనే ఈ పని జరుగుతుంది.

గాలి అలా కాదు. ఒత్తిడి రెట్టింపు చేస్తే గాలి సగానికి కుంచించుకుపోతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. చిత్రమేమంటే, పాస్కల్ మరణించినది కూడా ఆ సంవత్సరమే!

ఈ తేడా మీరే చూడవచ్చు. సూదిలేని సిరంజీలు రెండు తీసుకుని, సన్నని గొట్టంతో కలిపి, బుడగ లేకుండా నీరు నింపండి. ఒకదానిని నొక్కగానే రెండవది కదులుతుంది. ఇప్పుడు కొంత నీరు తీసి గాలి ఉంచండి. మళ్లీ నొక్కితే ముందు గాలి నలుగుతుంది. రెండవది కాసేపు ఊరుకుని, ఆపైన ఒక్కసారి ఎగురుతుంది!

కారులో నూనె కారి తగ్గిపోయినా, గొట్టం మార్చినా ఇలాగే గాలి చొరబడుతుంది. పంపు మూలుగుతుంది. నూనె నురుగు కడుతుంది. స్టీరింగు ఒకసారి తేలికగా, మరొకసారి బరువుగా తిరుగుతుంది. మలుపులో అలా జరిగితే ఎంత ప్రమాదం! పైగా పంపు లోపలి భాగాలు అరగకుండా కాపాడేది ఆ నూనే. నురుగు ఆ పని చేయలేదు.

మరి గాలిని ఎలా తీస్తారు? మెకానిక్కు ముందు చక్రాలను జాకీతో నేలనుంచి లేపి, బలమైన స్టాండ్లపై నిలుపుతాడు. డబ్బాలో ఆ కారుకు తగిన నూనె పోస్తాడు. ఇంజను ఆపి ఉంచే, స్టీరింగును ఆ చివరనుంచి ఈ చివరకు నెమ్మదిగా 20 సార్లదాకా తిప్పుతాడు. ముషలకం అటూ ఇటూ జరిగి, బుడగలను డబ్బాలోకి తోస్తుంది. అవి పైకి తేలి పగులుతాయి. నూనె తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉండాలి; లేకపోతే కొత్త గాలి దూరుతుంది.

ఇంజను ఎందుకు ఆపాలి? కవ్వంతో చిలికితే మజ్జిగ నురుగు కడుతుంది కదూ? తిరిగే పంపు గాలిని అలాగే చిలికి, సన్నని బుడగలు చేస్తుంది. సన్నని బుడగ త్వరగా పైకి రాదు. అందుచేత పెద్ద బుడగలు పోయినాకనే ఇంజను నడిపి, మళ్లీ తిప్పి చూస్తారు. చివరికి తిప్పి అక్కడే పట్టుకుంటే ఒత్తిడి పెరిగి పంపు వేడెక్కుతుంది గనుక అలా చేయరు. నురుగు కడితే, అది విరిగేదాకా ఓపికగా ఆగుతారు. గాలి మళ్లీ మళ్లీ వస్తూంటే, ఎక్కడో కారుతున్నదన్నమాట. ముందు దానిని బాగుచేయాలి.

ఈ పని మీరు చేయకూడదు సుమా! పెద్దలు చేస్తూంటే దూరంగా నిలబడి చూడండి. నేటి కొత్త కార్లలో చాలావాటికి నూనెకు బదులు విద్యుత్ మోటారే ఉంటుంది. వాటిలో ఈ బెడద లేదు.

కాని కారు బ్రేకులలో నేటికీ ద్రవమే ఉంటుంది. అందులో గాలి చేరితే, డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడు ఏమవుతుంది? మీ సిరంజీలను మరోసారి నొక్కి చూసి, జవాబు మీరే చెప్పండి.