వీణ కొంటున్నారా... నగిషీ చూసి మురిసిపోకండి!

బొబ్బిలి అనగానే యుద్ధం ఒక్కటేనా, వీణ కూడా గుర్తుకొస్తుంది. విజయనగరం జిల్లా బొబ్బిలికి దగ్గర్లోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ఒకప్పుడు ఈ కళకు బొబ్బిలి రాజులు అండ. 2011-12లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఇక్కడి చిట్టి వీణలు సన్మానాల్లో బహుమతులుగా ఊరూరా తిరుగుతున్నాయి. షోకేసులో పెడితే ఎంత అందమో! కానీ పిల్లలకు సంగీతం నేర్పడానికి అవి పనికిరావు. దానికి కచేరీ వీణే కావాలి.

మరి ఎంచుకోవడమెలా? బొబ్బిలి వీణ ప్రత్యేకత ఏకాండి. అంటే కుండ, దండి ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. కర్ర చార ఎక్కడా తెగకుండా సాగిందేమో చూడాలి. పగుళ్లు ఉండకూడదు. దండి వంకర పోకూడదు. బిరడాలు జారకూడదు.

అసలు పరీక్ష మెట్ల దగ్గరే. గిటారుకు మెట్లు కర్రలోకి దిగేసి ఉంటాయి. వీణకు మాత్రం 24 ఇత్తడి మెట్లనూ మైనంలో అమరుస్తారు. తీగను వట్టిగా మీటి, తర్వాత పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. సరిగ్గా పైస్థాయి స్వరం పలకాలి. తేడా వస్తే మెట్లు మళ్లీ అమర్చాల్సిందే. ప్రతి మెట్టు మీదా తీగ గరగరలాడకుండా మోగాలి.

ఇప్పుడు పికప్ బిగించిన వీణలూ వస్తున్నాయి. అయస్కాంత పికప్ ఉక్కు తీగలకే బాగా స్పందిస్తుంది. చెక్కకు అంటించే కాంటాక్ట్ మైకు అన్ని తీగల కంపనాన్నీ అందుకుంటుంది. కాకపోతే చేయి తగిలిన చప్పుడునూ వదలదు! అందుకే ముందు స్పీకరు లేకుండా వినాలి. కర్రలో లేని నాదాన్ని కరెంటు పుట్టించలేదు.

ఇంటికి తెచ్చాక ఎండ తగలనీయొద్దు. మైనం మెత్తబడితే మెట్లు కదిలిపోతాయి. అప్పుడు మళ్లీ పనివారి చేయి పడాల్సిందే.

విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. అలాంటి నేల ఇది. కొనే ముందు వీణ తెలిసినవారిని వెంట తీసుకెళ్తే మేలు. చిట్టి వీణ పనివారికి నాలుగు డబ్బులు తెస్తుంది, మంచిదే. పెద్ద వీణ అడిగేవారు ఉంటేనే ఆ చేతుల్లోని నాదజ్ఞానం తర్వాతి తరానికి అందుతుంది.