ఇంటి జ్ఞాపకాలకు ఏ కెమెరా?

క్యామ్‌కార్డర్ కొనబోతే దుకాణదారుడు మొదట చూపేది జూమ్ అంకె. మేమూ దానికే మోజుపడ్డాము. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది డిజిటల్ జూమ్; అది ఉన్న బొమ్మనే సాగదీస్తుంది, కొత్త వివరమేదీ చేర్చదు. చూడవలసింది ఆప్టికల్ జూమ్. మన ఇళ్ళ గదులకు అది పది రెట్లున్నా ఎక్కువే.

ఈద్ నాటి రాత్రి దాదీమా తన చిన్ననాటి సంగతులు చెబుతుండగా చిత్రీకరించాము. ట్యూబులైటు వెలుగులో ముఖం చుక్కలు చుక్కలుగా వచ్చింది. అరచేతిలో ఇమిడే కెమెరాకు సెన్సారూ చిన్నదే కదా! అదైనా సహించవచ్చు, ఆమె మాటలను ఫ్యాను హోరు కమ్మేసింది. బయటి మైకు తగిలించుకునే వీలు మా కెమెరాకు లేదు. మరుసటి ఈద్‌కు దాదీమా లేరు.

కనుక కొనేముందే, దుకాణంలో వెలుతురు తక్కువగా ఉన్న మూల నిలబడి ఒక నిమిషం తీసి, చూసి, విని మరీ తీసుకోండి. మాది మినీ డీవీ టేపు రకం. 60 నిమిషాల టేపును కంప్యూటరులోకి ఎక్కిస్తే సుమారు 13 జీబీ అవుతుంది. ఆ పని వాయిదా వేయకండి. టేపు నిలిచినా దానిని ఆడించే యంత్రం దొరకకపోవచ్చు. దాదీమా టేపుకు రెండు నకళ్ళు తీసి వేర్వేరు చోట్ల ఉంచాము. హోరు వెనుక ఆమె నవ్వు మాత్రం స్పష్టంగానే వినిపిస్తుంది.