షుగర్ ఉన్నవాళ్లకి ప్యాకెట్ ఫుడ్ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పండి

తిరువూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు విషయం మా నాన్న గురించే. ఆయనకి ఆరేళ్లుగా షుగర్. టీలో పంచదార మానేశారు, స్వీట్లు ముట్టుకోరు. అయినా మొన్న మూడు నెలల షుగర్ టెస్ట్, అదే హెచ్‌బిఎ1సి, 7.4 నుంచి 8.6కి వెళ్లింది. ఎందుకా అని చూస్తే, మామిడి తోటకి వెళ్లేటప్పుడు రోజూ జేబులో బిస్కెట్ ప్యాకెట్! "షుగర్ ఫ్రీ అని రాసుంది కదరా, అందుకే తింటున్నా" అన్నారు. ఆ ప్యాకెట్లు తెచ్చిపెట్టింది ఎవరో తెలుసా? నేనే.

వెనక్కి తిప్పితే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫోన్ కెమెరా జూమ్ చేసి చదివా. 100 గ్రాములకి షుగర్ 0.4 గ్రాములు. అబద్ధం కాదు. మన దేశంలో అర గ్రాము దాటకపోతే షుగర్ ఫ్రీ అని రాసుకోవచ్చు. కానీ అక్కడే కార్బోహైడ్రేట్ 72 గ్రాములు! మైదా కదా, అరిగాక అదీ గ్లూకోజే అవుతుంది. నాన్న రోజూ తినేది 75 గ్రాములు. అంటే అన్నం కాకుండా ఇంకో 54 గ్రాముల కార్బోహైడ్రేట్ అన్నమాట.

ఇప్పుడు కొట్లో నేను నాలుగు చూస్తున్నా.

ఒకటి, ఇంగ్రీడియెంట్స్‌లో మొదటి పేరు. ఏది ఎక్కువ బరువుంటే అదే ముందు రాయాలనేది రూల్. ముందువైపు రాగుల బొమ్మ ఉన్నా, వెనక మొదటి పేరు "రిఫైన్డ్ వీట్ ఫ్లోర్" అయితే అది మైదానే. మాల్టోడెక్స్‌ట్రిన్ ఉన్నా జాగ్రత్త, అది గ్లూకోజ్‌ని వేగంగా పెంచుతుంది.

రెండు, షుగర్ లైన్ ఒక్కటే కాకుండా మొత్తం కార్బోహైడ్రేట్.

మూడు, ఫైబర్. 100 గ్రాములకి కనీసం 6 గ్రాములు ఉంటేనే "హై ఫైబర్" అని రాయాలి.

నాలుగు, సర్వింగ్ సైజ్. లెక్క 30 గ్రాములకి రాస్తారు, మనం తినేది ఎంతో చూసుకోవాలి.

మరి రాగులు ఎంతైనా తినొచ్చా? తినకూడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో కార్బోహైడ్రేట్ సుమారు 78 గ్రాములు, రాగుల్లో 67. ఫైబర్ మాత్రం బియ్యంలో 3 గ్రాములలోపు, రాగుల్లో 11. కాబట్టి రాగులు మేలే, కానీ కొలత తప్పదు. మెత్తటి పిండితో పల్చగా కాచిన జావ త్వరగా అరుగుతుంది. ఓట్స్ కూడా ఇన్‌స్టంట్ కంటే దళసరివి నయం.

ఒక్క మాట. ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు తిండి ఒక్కసారిగా తగ్గించేయకండి, డాక్టర్‌తో మాట్లాడండి. షుగర్ 70 కంటే పడిపోతే అప్పుడు ఓట్స్ పనికిరావు, వెంటనే గ్లూకోజో పంచదార నీళ్లో ఇవ్వాలి.

ఇప్పుడు నాన్న జేబులో గుప్పెడు వేయించిన శనగలు ఉంటున్నాయి. మన పెద్దవాళ్లకి ఆ చిన్న అక్షరాలు కనిపించవు ఫ్రెండ్స్. ఈ రాత్రికే వంటింట్లో ఉన్న ఒక్క ప్యాకెట్ తీసి, జూమ్ చేసి, వాళ్ల పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఉంటా మరి!