వీసా కాగితం మీది ఆ ఒక్క వరుస

అస్ర్ నమాజు ముగిసి, పిల్లలు తమ ఖాయిదాలు, పారాలు సంచుల్లో సర్దుకునే వేళకు మా మదర్సా గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. చేతిలో మడతపెట్టిన కాగితమో, ఫోనులో ఒక ఫోటోనో ఉంటుంది. "హజ్రత్, ఇది కొంచెం చదివి చెప్పండి" అంటారు. ముప్ఫై ఏళ్లుగా నేను బోధిస్తున్నది అరబ్బీ వ్యాకరణం, ఫిఖ్‌హ్. కాని మా వీధివారికి నా అరబ్బీ ఎక్కువగా ఉపయోగపడినది కువైట్, సౌదీ వీసా కాగితాలు చదవడానికే. ఈ మాట నవ్వుతూ చెప్పదగినదే. అయితే ఒక కాగితం విషయంలో నేను చేసిన తప్పు నన్ను నవ్వనివ్వదు.

అది 2015 అక్టోబరు. నా వద్ద ఖుర్ఆన్ చదువుకున్న ఒక యువకుడికి కువైట్ వీసా వచ్చింది. తాత ఆజంజాహి మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడిన తరువాత ఆ ఇంట స్థిరమైన జీతం అన్నది లేదు. డ్రైవర్ ఉద్యోగమని ఏజెంటు చెప్పాడు. లక్షా ముప్ఫై వేల రూపాయలు తీసుకున్నాడు. అందులో లక్ష నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినది. మిగిలినది తల్లి తన లచ్ఛా కుదువపెట్టి తెచ్చినది. ప్రయాణానికి ముందురోజు విందుకు పిలిచారు. భోజనాల వేళ ఆ యువకుడు కాగితం నా చేతికిచ్చి, "శుభం పలకండి హజ్రత్" అన్నాడు. వృత్తి అని రాసి ఉన్న వరుసలో నాకు కనిపించిన మాట 'రాఈ అగ్‌నామ్'. అంటే గొర్రెల కాపరి.

నేను చూశాను. నాకు అర్థమైంది. కాని ఇంటినిండా బంధువులు. తల్లి ముఖంలో ఏళ్ల తరువాత వచ్చిన వెలుగు. టికెట్టు కొనడం అయిపోయింది. పేరుకు ఏదో రాసి ఉంటారు, అక్కడికి వెళ్లాక సర్దుకుంటుంది కాబోలు అని నాకు నేను చెప్పుకొని, దుఆ చేసి, బిర్యానీ తిని ఇంటికి వచ్చాను. ఆ బిడ్డ ఎడారిలో గొర్రెల మంద వెంట పది నెలలు తిరిగాడు. జీతం మూడు నెలలకే అందింది. తాళలేక పారిపోయి, జలీబ్ ప్రాంతంలో నలుగురితో ఒక గదిలో తలదాచుకున్నాడు. అలాంటివారిని గల్ఫ్‌లోని మన తెలుగువారు 'ఖల్లివల్లి' అంటారు. 2018లో కువైట్ ప్రభుత్వం జనవరి చివర నుంచి ఏప్రిల్ 22 వరకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా బయటపడి ఇల్లు చేరాడు. అప్పటికి ముప్ఫై నెలల మిత్తి తొంభై వేలు అయింది. అసలు లక్ష అలాగే ఉంది. అతడు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చదివారు కదా హజ్రత్" అని అతని తల్లి మాత్రం ఒకసారి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను.

వీసా ఒక ఒప్పందం

వీసాను మనవారిలో చాలామంది తలుపు తెరిచే తాళంచెవిగా భావిస్తారు. లోపలికి వెళ్లాక దానితో పని లేదనుకుంటారు. నిజానికి అది ఒక ఒప్పందం. 'ఈ పని నిమిత్తం, ఇన్ని రోజులు, ఈ షరతులపై' అని ఆ దేశం అంటుంది. సరేనని మనం ప్రవేశిస్తాము. ఫిఖ్‌హ్‌లో 'అమాన్' అనే అంశం ఉన్నది. రక్షణ హామీ పొంది పరాయి రాజ్యంలో అడుగుపెట్టినవాడు ఆ హామీ తాలూకు షరతులకు కట్టుబడవలెనని విద్వాంసులు వివరించారు. నేటి వీసాను ఆ కోవలోనిదిగానే పరిగణిస్తారు. అందువలన వీసా రకాలను తెలుసుకోవడం లోకజ్ఞానం మాత్రమే కాదు, మనం ఇచ్చే మాట ఏమిటో తెలుసుకోవడం కూడా.

సందర్శన వీసా, ఉమ్రా వీసా

సందర్శన వీసా చూసి రావడానికి, బంధువులను కలిసి రావడానికి. దానిపై పని చేయడం గల్ఫ్ దేశాలన్నింటా నేరమే. అయినా "ముందు విజిట్ మీద వెళ్లు, అక్కడ మార్చుకుందాం" అనే మాట ప్రతి బస్తీలోనూ వినిపిస్తుంది. ఏజెంటు అలా పంపడానికి ఒక కారణం ఉన్నది. పదవ తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ వర్గానికి చెందుతుంది. వారు సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ మొదలైన 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రభుత్వ అధికారి అనుమతి పొందాలి. ఆ అనుమతికి జీతం, పని, యజమాని వివరాలతో ఒప్పంద పత్రం చూపాలి. విజిట్ వీసా మీద పంపితే ఈ తనిఖీ తప్పిపోతుంది. దానితోపాటు కార్మికునికి ఉన్న రక్షణ కూడా పోతుంది. యూఏఈలో గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హాముల జరిమానా. నెల రోజులకు 1,500 దిర్హాములు. చేతిలో పని లేనివాడు ఆ మొత్తం ఎక్కడి నుంచి తెస్తాడు?

ఉమ్రా వీసా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దానిపై వెళ్లి అక్కడే దాగి పని చూసుకోవచ్చని ఆశపెట్టేవారు ఉన్నారు. ఇహ్రామ్ ధరించి లబ్బైక్ పలుకుతున్న నోటితోనే అధికారులకు అబద్ధం చెప్పిన ప్రయాణమది. పట్టుబడితే జరిమానా, నిర్బంధం, దేశబహిష్కరణ. మళ్లీ కొన్నేళ్లపాటు ఆ పుణ్యభూమిలో అడుగుపెట్టే అవకాశమే పోవచ్చు. పొట్టకూటి కోసం కాబా దారి మూసుకోవడం ఎంతటి నష్టమో పాఠకులే ఆలోచించాలి.

ఉద్యోగ వీసా: చదవవలసిన వరుస

ఉద్యోగ వీసాలో మొదట చూడవలసినది వృత్తి అని ఉన్న వరుస. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవారికి ఇచ్చేది 20వ ఆర్టికల్ వీసా. ప్రైవేటు కంపెనీలకు ఇచ్చేది 18వ ఆర్టికల్ వీసా. మొదటిదానిపై వెళ్లినవాడు సాధారణంగా రెండవదానికి మారలేడు. కంపెనీ ఉద్యోగమని చెప్పి 20వ ఆర్టికల్ కాగితం చేతిలో పెడితే అది మోసమే.

రెండవది, 'ఆజాద్ వీసా'. ఇలాంటి వీసా ఏ దేశ చట్టంలోనూ లేదు. ఒక కఫీల్ పేరు మీద వీసా కొని, వేరొకచోట పని చేసుకోవడాన్నే మనవారు ఆజాద్ అంటున్నారు. పేరులో స్వేచ్ఛ ఉన్నది, బతుకులో లేదు. ఏటా ఇఖామా పునరుద్ధరణకు కఫీల్ అడిగినంత ఇవ్వాలి. అతనికి కోపం వస్తే పారిపోయాడని ఫిర్యాదు చేస్తాడు. సౌదీలో దానిని 'హురూబ్' అంటారు. ఆ ముద్ర పడినవాడు ఒక్క రోజులో నేరస్థుడవుతాడు.

మూడవది, ఏజెంటు. భారత ప్రభుత్వ విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉన్నది. ఎవరైనా చూడవచ్చు. ఏజెంటు సేవారుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. ఈసీఆర్ కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. లక్షలు పోసి వీసా కొన్నవాడు 275 రూపాయల బీమా గురించి విననైనా వినకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

తెలంగాణ ప్రభుత్వానికి 'టామ్‌కామ్' అనే సొంత సంస్థ ఉన్నది. విదేశీ ఉద్యోగాలకు అదే నేరుగా ఎంపిక చేస్తుంది. నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు జర్మనీ, జపాన్ భాషలు నేర్పించి అక్కడి ఉద్యోగాలకు పంపే ఏర్పాటు కూడా చేసింది. మన ఇళ్లలో నర్సింగ్ చదివిన అమ్మాయిలు తక్కువ లేరు. వారికి ఈ దారి తెలియాలి.

ఇటీవల మరొక ప్రమాదం పుట్టింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కంబోడియా, మయన్మార్ దేశాలకు తీసుకువెళ్లి, నిర్బంధించి, సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ నుంచి విడిపించిన ఐదువందల మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. తెలుగు యువకులూ వారిలో ఉన్నారు. పని ఏమిటో తెలియకుండా విమానం ఎక్కినవాడు చివరకు తోటి మనిషిని దోచే పనికి బానిస కావలసి రావడం కంటే విషాదం ఏముంటుంది?

చదువు వీసా

బిడ్డ అమెరికా వెళ్తున్నాడంటే మండీబజార్‌లో మిఠాయి పంచుతారు. మంచిదే. కాని విద్యార్థి వీసా చదువుకోసమే. అమెరికా ఎఫ్-1 వీసాపై కళాశాల ప్రాంగణంలో, తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. బయట పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో దాగి చేసే పని వీసాకే ముప్పు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం బూటకమని తేలినప్పుడు వందలాది తెలుగు విద్యార్థులు రోడ్డున పడ్డారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. దానిని నడిపినది స్వయంగా అమెరికా అధికారులే. తరగతులు లేకుండా వీసా నిలుపుకోవాలనుకున్నవారిని పట్టుకోవడానికి పన్నిన వల అది. 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధంలోకి వెళ్లారు. వారిలోనూ తెలుగువారు ఉన్నారు. పాఠం లేని బడిలో చేర్పిస్తామని ఎవరైనా అంటే ఒక మదర్సా ఉపాధ్యాయునిగా నేను చెప్పగలిగేది ఒక్కటే: అది బడి కాదు.

డబ్బు విషయం. వడ్డీ అప్పు తప్ప దారి లేదని తల్లిదండ్రులు బాధపడతారు. తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తున్నది. 20 లక్షల రూపాయల వరకు సహాయం. కుటుంబ వార్షికాదాయం 5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. ఎంపికకు పోటీ ఉంటుంది. కనుక డిగ్రీ మొదటి ఏడాది నుంచే మార్కుల మీద దృష్టి పెట్టాలి.

కుటుంబం, స్థిరనివాసం

గల్ఫ్‌లో నివాసం ఉద్యోగంతో ముడిపడినది. ఇరవై ఏళ్లు ఉన్నా ఉద్యోగం పోతే తిరుగు ప్రయాణమే. యూఏఈ గోల్డెన్ వీసా, సౌదీ ప్రీమియం ఇఖామా ఉన్నాయి కాని అవి సంపన్నులకు, ఉన్నత నిపుణులకు. సౌదీలో కుటుంబాన్ని దగ్గర ఉంచుకున్నవారిపై 2017 జూలైలో రుసుము మొదలైంది. మనిషికి నెలకు 100 రియాళ్లు. ఏటా వంద పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవానికి నెలకు 1,600 రియాళ్లు. ఆ భారం మోయలేక భార్యాపిల్లలను తిప్పి పంపినవారు ఎందరో. బ్రిటన్ కూడా 2024 జనవరి నుంచి ఎక్కువ కోర్సుల విద్యార్థులు జీవిత భాగస్వామిని వెంట తీసుకురావడాన్ని ఆపివేసింది. కెనడా, ఆస్ట్రేలియాలలో స్థిరపడాలంటే వయసు, చదువు, భాష, అనుభవాలకు పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లను ఏ ఏజెంటూ అమ్మలేడు.

పెళ్లి మాట్లాడేటప్పుడు వరుడు 'ఫారిన్‌లో ఉన్నాడు' అన్న మాటతో తృప్తి పడకూడదు. ఏ వీసా, భార్యను పిలిపించుకునే హక్కు ఉన్నదా అని అడగాలి. హజ్రత్ ఉమర్ (ర) తన పాలనలో యుద్ధానికి వెళ్లినవారు భార్యలకు నెలల తరబడి దూరం కాకూడదని, నాలుగు నెలల ప్రాంతంలో గడువు నిర్ణయించారని మన గ్రంథాలు చెబుతాయి. మూడేళ్లకోసారి వచ్చి వెళ్లే భర్త పంపే డబ్బుతో ఇల్లు కట్టవచ్చు, సంసారం నిలవదు.

విమానం ఎక్కే ముందు

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోనిది. అది అప్పును సాక్షుల ఎదుట రాసి ఉంచుకోవడం గురించినది. ఏజెంటుకు ఇచ్చే ప్రతి రూపాయికీ రాత ఉండాలి. వీసా, ఒప్పందం, పాస్‌పోర్టుల నకళ్లు ఇంట్లో ఉంచాలి. ఒప్పందాన్ని తెలిసినవారితో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పించుకోవాలి. ఆపద వస్తే విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్‌లో కుటుంబసభ్యులే ఇంటినుంచి ఫిర్యాదు చేయవచ్చు. భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు కార్మికుని వద్దే కాక తల్లి వద్దా, భార్య వద్దా ఉండాలి. 2023 డిసెంబరు 7 తరువాత గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ప్రకటించింది. ఆరు నెలలలోగా దరఖాస్తు చేయాలన్న సంగతి తెలియక పోగొట్టుకోరాదు.

ఇప్పుడు మా గుమ్మం దగ్గరకు ఎవరు కాగితం తెచ్చినా నేను ఒక నియమం పాటిస్తున్నాను. తెచ్చిన అబ్బాయికి మాత్రమే చదివి వినిపించను. తల్లినో, భార్యనో తీసుకురమ్మంటాను. అందరి ఎదుట ప్రతి వరుసనూ గట్టిగా చదువుతాను. మొన్న ఒక తల్లి అడిగింది, "పిల్లవాని మనసు విరుగుతుంది కదా హజ్రత్, కొంచెం మెల్లగా చెప్పరాదా?" అని. నేను అన్నాను: "అమ్మా, ఒకసారి నేను మెల్లగా కూడా చెప్పలేదు. అందుకే ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను."

ఆ రోజు కాగితంలో వృత్తి పేరు సరిగానే ఉన్నది. జీతం రాయవలసిన చోట ఖాళీగా ఉన్నది. అది నింపించుకొని రమ్మని పంపాను. అల్లాహ్ మన పిల్లలకు హలాల్ ఉపాధిని, క్షేమంగా తిరిగి వచ్చే దారిని ప్రసాదించుగాక. ఆమీన్.