రెండో భాగంతో మొదలైన కథ

మా మరిది ఒక ఆదివారం హైదరాబాదు వెళ్లి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కొని, రైలుకు తాండూరులో దిగి రాత్రికి పెద్దేముల్ చేరాడు. సంచిలోంచి ఒక ఇంగ్లీషు నవల తీసి, "వదినా, ఇది రెండో భాగం. మొదటిది దొర్కలే. అయినా చదువుతవా?" అన్నాడు.

అది అమెరికా రచయిత ఆర్సన్ స్కాట్ కార్డ్ 1986లో వెలువరించిన 'స్పీకర్ ఫర్ ద డెడ్'. దాని మొదటి భాగం 'ఎండర్స్ గేమ్' 1985లో వచ్చింది. హ్యూగో, నెబ్యులా అనే పేరుగన్న బహుమతులు రెండూ ఈ రెండు నవలలకూ వచ్చాయి. అంతరిక్ష యుద్ధాల కథలంటే నాకంత ఆసక్తి లేదు. పైగా నడుమ నుంచి చదవడం! అయినా కంది కోతలు ముగిసిన తీరిక రోజులు గనుక మొదలుపెట్టాను.

మొదటి పుటల్లోనే 'రామన్', 'వారెల్సె' అనే మాటలు అడ్డం తగిలాయి. మన జాతి కాకపోయినా మనిషిగా ఎంచదగినవాడు రామన్. ఎన్నటికీ మాట కలపలేని పరాయివాడు వారెల్సె. మొదటి భాగం చదవనందుకే ఇవి తెలియడం లేదని చిన్నబోయాను. తీరా చూస్తే అవి రెండో భాగంలోనే కొత్తగా వచ్చిన మాటలట!

పాత కథ కొంచెం కొంచెంగా తెలిసింది. ఎండర్ అనే బాలుణ్ణి సైనికాధికారులు యుద్ధానికి తయారుచేస్తారు. అభ్యాసం కోసం ఆడే ఆట అనుకొని అతడు నిజంగానే ఒక జాతినంతటినీ నాశనం చేస్తాడు. కాంతివేగానికి దగ్గరగా ప్రయాణించేవారికి కాలం మెల్లగా గడుస్తుంది గనుక, మూడు వేల యేండ్ల తరువాత కూడా అతనికి ముప్పయి అయిదేండ్లే. ఇప్పుడతని పని, చనిపోయినవారి జీవితాన్ని పొగడకుండా, తెగడకుండా ఉన్నదున్నట్లు చెప్పడం. భార్యను కొట్టిన ఒక మనిషి గురించి అందరి ముందు మాట్లాడుతూ, అతడు చేసిన చెడును దాచడు. అతడు పడిన అవమానాన్నీ దాచడు.

మొదటి భాగం ముందు చదివినవారు ఎండర్ గెలుపును చూసి తరువాత అతని దుఃఖాన్ని చూస్తారు. నేను ముందే దుఃఖాన్ని చూశాను. అందుకే ఆ గెలుపు సంగతి తెలిసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. సగంలో వచ్చినందుకు నాకు దక్కిన లాభం అదే.

పుస్తకం మూసిన రాత్రి మా ఇల్లే గుర్తొచ్చింది. ఎదురిల్లు మా పెద్దమామగారిది. రెండిళ్లకూ మాటలు లేవు. పండుగకు ఏదైనా పంపుదామంటే అత్తమ్మ వద్దనేది. ఎంత కఠిన హృదయమో అనుకునేదాన్ని. మరునాడు కందులు చెరుగుతూ, "అత్తమ్మా, మొదట్ల ఏమైంది?" అని అడిగాను.

ఆమె చాలాసేపు పలకలేదు. తరువాత చెప్పింది. తొలిచూలు బిడ్డకు అర్ధరాత్రి జ్వరం ముదిరితే తాండూరు దవాఖానకు పోవడానికి ఎదురింటి బండి అడిగారట. వాళ్లు ఇవ్వలేదు. తెల్లవారేసరికి బిడ్డ లేదు.

"ఆ దినం వాళ్ల ఎద్దు లేవలేక పడి ఉండెనంట. ఆ ముచ్చట నాకు చానా ఏండ్లకు తెల్సింది. అప్పటికే మాటలు పోయినయి," అంది, చేట దించకుండానే.

కోడళ్లమైన మనమందరం అత్తవారింటి కథలోకి రెండో భాగంలోనే అడుగు పెడతాము గదా! జరిగిపోయిన భాగం ఎవరూ చేతికి ఇవ్వరు. మనమే అడగాలి. అడిగేదాకా తీర్పు ఆపుకోవాలి.

ఆ యేడు క్రిస్మసుకు సకినాలు చేసి ఎదురింటికని గిన్నెలో సర్దుతున్నాను. అత్తమ్మ వచ్చి చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను.

"ఇంకో నాలుగు పెట్టు," అంది.